కష్టమైన మాటలు ఎవరికి కష్టం?

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేవాళ్ళకి ఒక పుస్తకం తగలకుండా ఉండదు. బ్యారన్స్ జీఆర్ఈ. అట్ట చిరిగినా, ఎడిషన్ ఎంత పాతదైనా కొనేవాళ్ళు కొంటూనే ఉంటారు. లోపల 3,500 మాటల జాబితా, అందులోంచి ఏరిన 333 మాటల ఇంకో జాబితా. మార్జిన్లలో పెన్సిలు రాతలు. ఒక కాపీలో అర్థాలు తెలుగులో ఉంటాయి, ఇంకో కాపీలో ఉర్దూలో. నేను చూసిన దాదాపు ప్రతి కాపీలోనూ ఆ రాతలు 'సి' దగ్గరో 'డి' దగ్గరో ఆగిపోయాయి. ఆ తర్వాత పేజీలన్నీ కొత్త పుస్తకమంత శుభ్రం.

ఆ జాబితాని జీతం తీసుకుని మరీ నూరిపోసినదాన్ని నేను. శాలిబండ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక గల్లీలో, కళ్ళద్దాల షాపు పైన, రేకుల కప్పున్న గది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా బ్యాచి. యాకుత్‌పురా, మొఘల్‌పురా, చాంద్రాయణగుట్ట నుంచి వచ్చేవాళ్ళు. ఇంజనీరింగ్ అయినవాళ్ళు, ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్ళు. అందరికీ అమెరికా, కాకపోతే కెనడా, అదీ కాకపోతే ఐర్లండ్. రోజుకి యాభై మాటల షీటు ఒకటి. ఇవాళ ఇచ్చింది రేపు అప్పజెప్పాలి.

మూడో వారంలో ఒకమ్మాయి షీటు బల్ల మీద పెట్టి అడిగింది. "ఏ లఫ్జాఁ కౌన్ బోల్తే మేడమ్?" ఈ మాటలు అసలెవరు మాట్లాడతారని. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, చదువుకున్నవాళ్ళు మాట్లాడతారని చెప్పేశాను. అది అబద్ధమని నాకప్పుడే తెలుసు. సరైన జవాబు తెలిసింది మాత్రం ఇంకో నెల తర్వాత. తెలిపినవాడు సెనెగల్ కుర్రాడు.

టోలిచౌకీలో నలుగురితో కలిసి అద్దెకుంటూ డిగ్రీ చదివేవాడతను. మా దగ్గర ఫీజు తక్కువని అంత దూరం నుంచి వచ్చి చేరాడు. బడిలో చదువంతా ఫ్రెంచిలోనే. ఇంగ్లిషు మాట్లాడాలంటే తడుముకునేవాడు. 'పుట్ అప్ విత్' అంటే ఏమిటో, 'గెట్ బై' అంటే ఏమిటో అర్థం కాక నుదురు కొట్టుకునేవాడు. అలాంటివాడు మొదటిరోజు షీటు తీసుకుని, పెన్ను మూత నోట్లో పెట్టుకుని, చకచకా టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. అమీలియొరేట్, లకానిక్, టేసిటర్న్, లక్వేషియస్, ప్రోలిక్స్, ప్యూసిలానిమస్, లుగూబ్రియస్, పర్ఫిడీ, ఎఫెమెరల్. యాభైలో ముప్ఫైకి పైగా. మా వాళ్ళు మూడు వారాలుగా కుస్తీ పడుతున్న మాటలు! "ఇది ఫ్రెంచి కదా మేడమ్, ఇందులో నేర్చుకోవడానికేముంది?" అన్నాడు. గొప్ప కోసం అన్నమాట కాదది. నిజంగానే అడిగాడు.

అతను ఆగిపోయిన మాటలు వేరు. విన్నో, డర్త్, గెయిన్‌సే, చర్లిష్. ఇవి పాత ఇంగ్లిషు రైతుల మాటలు. విన్నో అంటే చేటలో గింజలు చెరగడం. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే తెలుగబ్బాయి ఒకడుండేవాడు మా బ్యాచిలో. వాళ్ళమ్మ రోజూ చేసే పని అది. అదీ ఇదీ పరీక్షకి ఒకే వరసలో నిలబడి ఉన్నాయి, రెండూ 'అడ్వాన్స్‌డ్' అనే బిళ్ళ కట్టుకుని.

నా వాదన ఇంతే. పరీక్షలు, కోచింగ్ సెంటర్లు, మనం కలిసి 'అడ్వాన్స్‌డ్ వకాబ్యులరీ' అని పిలుస్తున్నదాంట్లో సింహభాగం పైకెదిగిన ఇంగ్లిషు కాదు, పై నుంచి దిగిన ఫ్రెంచి, లాటిన్. ఎవరికి ఎంత కష్టమన్నది ఎవరు ఎక్కడ పుట్టారు, వాళ్ళని ఎవరు పాలించారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ కష్టాన్ని తెలివికి కొలబద్దగా వాడటం మోసం. ఆ మోసానికి మన పిల్లలే డబ్బు కడుతున్నారు.

కథ పాతదే. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండుని గెలిచాడు. తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు రాజు, దొరలు, న్యాయస్థానం మాట్లాడింది ఫ్రెంచి. కోర్టుల్లో వాదనలు ఇంగ్లిషులో జరగాలని చట్టం వచ్చింది 1362లో. దొడ్లో ఉన్నంతసేపు 'కౌ', 'షీప్'. దొర బల్ల మీదకెక్కితే 'బీఫ్', 'మటన్'. మేపేవాడి మాట ఒకటి, తినేవాడి మాట ఇంకొకటి. మేపేవాడి మాట సులువైన మాటయింది, తినేవాడి మాట హుందా అయిన మాటయింది.

ఇది మనకి కొత్తగా చెప్పాలా? మన కోర్టు గుమ్మం ఎక్కి చూడండి. ఫిర్యాదు, వకీలు, హాజరు, జామీను, దస్తావేజు. అన్నీ పారసీ, అరబ్బీ దర్బారు నుంచి దిగినవే. హైదరాబాద్ రాజ్యంలో కోర్టుల భాష పారసీ నుంచి ఉర్దూకి మారింది 1880ల్లో. ఆ మాటలు ఊళ్ళో రైతుకి భయం పుట్టించేవి, కచేరీ గుమాస్తాకి తిండి పెట్టేవి. రేపు ఎవరైనా తెలుగు పరీక్ష పెట్టి, ఈ దర్బారు మాటలన్నీ ఏరి, ఇదిగో ఉన్నతస్థాయి తెలుగు అంటే, మొఘల్‌పురా పిల్లలు రాత్రికి రాత్రి పండితులైపోతారు. వరంగల్ పల్లె పిల్లలు మొద్దులైపోతారు. అప్పుడు మనం ఒప్పుకుంటామా?

అన్నట్టు, దాయాది మాటలు ఉన్నచోట గోతులూ ఉంటాయి. మా సెనెగల్ కుర్రాడు పడ్డ గోతులు చూసి క్లాసంతా తేరుకుంది. 'వెర్సటైల్' అని ఇంగ్లిషులో ఎవరినైనా అంటే మెచ్చుకోలు. ఫ్రెంచిలో అదే మాట నిలకడ లేనివాడని తిట్టు. 'ఎనర్వేట్' అంటే ఇంగ్లిషులో నీరసపరచడం, ఫ్రెంచిలో చిరాకు తెప్పించడం. అతను వరసగా రెండూ తప్పు రాశాడు. అప్పుడు ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే లేచి, మాకూ ఉన్నాయి మేడమ్ ఇలాంటివి అంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. వాళ్ళ మామయ్య ఒకసారి కోర్టు కాగితం చదివించుకుని, వాదిని నేనైతే నన్ను ముద్దాయి అనరేమిటని తగువు పెట్టుకున్నాడట. ఆ రోజు జరిగినంత భాషా పాఠం ఆ గదిలో అంతకు ముందెప్పుడూ జరగలేదు. షీటులో అది లేదు.

షీటులో ఉన్నదేమిటో చెబుతాను. లకానిక్ - మితభాషి. టేసిటర్న్ - మితభాషి. రెంటికీ ఒకే అర్థం. తేడా ఏమిటని అడిగితే నేను తడబడ్డాను. మళ్ళీ ఆ అమ్మాయే సర్దింది. ఒకటి 'ముఖ్తసర్', ఒకటి 'కమ్‌గో' కదా మేడమ్ అని. క్లుప్తంగా ఉన్న మాట వేరు, తక్కువ మాట్లాడే మనిషి వేరు. నా డిక్షనరీ రెండు పేరాల్లో చెప్పేది ఆమె రెండు మాటల్లో చెప్పింది. అదబ్, తమీజ్, లిహాజ్, మురవ్వత్ అనే నాలుగు మాటల మధ్య గీతలు ఆమెకి పదేళ్ళప్పుడే తెలుసు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఏది తప్పితే వాళ్ళమ్మ ఎలా చూస్తుందో తెలుసు కాబట్టి. మురవ్వత్‌ని మన మొహమాటం ఇంచుమించుగా పట్టుకుంటుంది. ఇంగ్లిషులో దానికి మాట లేదు. ఇంత సూక్ష్మం తెలిసిన పిల్లకి మా సెంటర్ పెట్టిన మొదటి టెస్టులో వచ్చిన రిమార్కు, 'పూర్ వకాబ్యులరీ'.

ఇంకో మాట కూడా చెప్పాలి. సెనెగల్ కుర్రాడి ఇంటి భాష ఫ్రెంచి కాదు, వొలోఫ్. అమ్మతో ఫోన్లో మాట్లాడేది వొలోఫ్‌లో. ఫ్రెంచి వాళ్ళకి బడిలో బెత్తంతో వచ్చింది, మనకి ఇంగ్లిషు వచ్చినట్టే. అతనికి మార్కులు కలిసొచ్చాయంటే కారణం ఒక్కటే. వాళ్ళ దొర, ఈ పరీక్ష దొర దాయాదులు. మన పాత దొరలు వేరే వంశం.

నిజానికి మనకీ ఆ వంశం దగ్గరదాకా వచ్చి వెళ్ళింది. నిజాం అలీ ఖాన్ దగ్గర వేలమంది సిపాయిలని నడిపిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798 మార్చిలో పోయాడు. ఆ ఏడాది అక్టోబరులోనే ఇంగ్లిషువాళ్ళు అతని దళాన్ని నిరాయుధం చేసి చెదరగొట్టారు. అతను మూసా రామ్, మూసా రహీమ్ అయ్యి మూసారాంబాగ్ పేరులో మిగిలాడు. ఆ అక్టోబరు వేరేలా తెల్లవారి ఉంటే ఇప్పుడు మా అమ్మాయి కూడా పెన్ను మూత నోట్లో పెట్టుకుని టిక్కులు కొడుతూ ఉండేదేమో. యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళున్నారు. అక్కడి బడిలో ఫ్రెంచి నేర్చిన తెలుగువాళ్ళకి ఈ కష్టమైన మాటలు ఎంత సులువుగా వచ్చి ఉంటాయో! వాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళని ఎవరూ అనరు కదా.

సరే, పరీక్ష పెట్టేవాళ్ళని తిట్టి ఊరుకుంటే సులువు. వాళ్ళు కొంత సర్దుకున్నారు కూడా. వ్యతిరేక పదాలు, పదాల జోడీల ప్రశ్నలు జీఆర్ఈలోంచి 2011 ఆగస్టులో తీసేశారు. ఇప్పుడు మాట అర్థం ఒక్కటే తెలిస్తే సరిపోదు, వాక్యం ఎటు తిరుగుతోందో పట్టుకోవాలి. శాట్ కూడా 2016లో జాబితా మాటల ఖాళీలు పూరించే ప్రశ్నల్ని వదిలేసింది. మన దగ్గర మాత్రం ఆ జాబితాలే ఇంకా జిరాక్సు అవుతున్నాయి. ఎందుకంటే జాబితా అమ్మడం తేలిక. చదవడం నేర్పాలంటే టీచరుకి చదువు రావాలి, రెండేళ్ళు పట్టాలి. షీటుకి రెండు రూపాయల జిరాక్సు చాలు.

ఐఈఎల్‌టీఎస్ రైటింగులో నాలుగు కొలతలుంటాయి. అందులో ఒకటి 'లెక్సికల్ రిసోర్స్', పావు వంతు మార్కులు. అంటే మాటల సంపద, వాటిని సందర్భానికి తగ్గట్టు వాడటం. సెంటర్లలో దాన్ని ఎలా అర్థం చేసుకున్నారంటే, ప్రతి వ్యాసంలో 'ప్లెథొరా' ఒకసారి, 'మిరియడ్' ఒకసారి పడాలి. ప్లెథొరా అంటే ఒకప్పుడు ఒంట్లో రక్తం ఎక్కువైన జబ్బు. మన పిల్లల వ్యాసాలకి ఆ జబ్బే పట్టింది.

ఇక్కడ నా నేరం నేను ఒప్పుకోవాలి. చేతిపనులు అంతరించిపోతున్నాయా అనే ప్రశ్నకి ఆ అమ్మాయి ఇలా రాసింది, సాదా ఇంగ్లిషులో: మా అమ్మ చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కిస్తుంది, మా గల్లీలో కరెంటు పోవడం ఆమెకి అంత అలవాటు. ఆ వాక్యం కింద ఎర్రగీత గీసింది నేనే. దాని స్థానంలో రాయించింది ఇది: 'ఎ ప్లెథొరా ఆఫ్ ఆర్టిజన్స్ ఎగ్జిబిట్ డెక్స్‌టెరిటీ నాట్‌విత్‌స్టాండింగ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చరల్ ఇన్‌అడిక్వసీస్.' అమ్మ పోయింది, సూది పోయింది, చీకటి పోయింది. మిగిలింది ఎవరూ లేని ఒక గవర్నమెంటు నివేదిక. ఆమె దాన్ని బుద్ధిగా కంఠస్థం చేసింది.

రైటింగులో 5.5 వచ్చింది. ఆమెకి కావాల్సింది 6.5. ఫలితం వచ్చిన సాయంత్రం ఫోన్ చేసి, ఏడవలేదు, మామూలుగా అంది, "నాకు దిమాగ్ లేదు మేడమ్, అంతే." ఆమె రాసిన మంచి వాక్యం సొంతదని, దరిద్రపు వాక్యం నాదని అప్పుడు చెప్పాల్సింది. మళ్ళీ ప్రయత్నిద్దాంలే అన్నాను.

ఇది చదివేవాళ్ళలో కొందరికి ఈపాటికి ఒళ్ళు మండుతూ ఉంటుంది. నీకు ఇంగ్లిషు వచ్చు, నువ్వు దాంతో బతికావు, ఇప్పుడు పాతబస్తీ పిల్లలకి అది వద్దంటున్నావా? బంజారాహిల్స్ పిల్లలు ఆ మాటలు డైనింగ్ టేబుల్ దగ్గరే నేర్చుకుంటారు, జాబితా కూడా లేకపోతే వీళ్ళకేం దిక్కు? ఇది గట్టి ప్రశ్న, నవ్వి తీసిపారేసేది కాదు. నేను మాటలు వద్దనడం లేదు. ఒక్కో మాటనీ అనాథలా బట్టీ పట్టించొద్దంటున్నాను. 'లాక్వీ' అంటే లాటిన్లో మాట్లాడటం అని ఒక్కసారి చెప్తే లక్వేషియస్, ఎలక్వెంట్, కలోక్వియల్ మూడూ ఒక ఇంటివాళ్ళని తెలుస్తుంది. ఆ ఫ్రెంచి కుర్రాడికి పుట్టుకతో కాకపోయినా బడితో వచ్చిన చుట్టరికాన్ని మన పిల్లలకి చరిత్రతో ఇవ్వొచ్చు. ఇది పైమెట్టు మాట కాదు, పరాయి ఇంటి మాట, వాళ్ళిల్లు ఇదీ అని చెప్తే భయం సగం తగ్గుతుంది. 'నాకు దిమాగ్ లేదు' అనే వాక్యం పుట్టదు.

ఆ జాబితాల్లో మనింటి మాటలూ ఉన్నాయి మరి. వాటి సంగతి ఎవరూ చెప్పరు. జగర్నాట్ అంటే పూరీ జగన్నాథుడు. జాబితాలో లేకపోయినా, ఇంగ్లిషు నిఘంటువులో ఉన్న బ్యాండికూట్ అచ్చంగా మన పందికొక్కు. తెలుగు పిల్లలకి ఇది చెప్పి చూడండి, ఆ రోజు క్లాసులో నిద్రపోయేవాడు ఉండడు. ఇక 'పరయా'. అర్థం: వెలివేయబడినవాడు. ఇది తమిళనాట పరై అనే డప్పు వాయించే కులం పేరు. ఒక దళిత కులం పేరుని ఇంగ్లిషువాళ్ళు తిట్టుగా మార్చుకుంటే, దాన్ని మనం 'అడ్వాన్స్‌డ్' మాటగా తిరిగి కొనుక్కుని, డప్పు కొట్టే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల చేత కూడా బట్టీ పట్టిస్తున్నాం. నేను పట్టించాను. ఒక బ్యాచిలో ఒక్కడు తలొంచుకున్నాడు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

మాటల్ని కేవలం బట్టీ సరుకుగా కాక పనిగా చూసిన ఊరే ఇది. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పాలని, అంతకు ముందు ఏడే దారుల్ తర్జుమా అని అనువాద సంస్థనొకటి తెరిచారు. పండితులు కూర్చుని ఒక్కో శాస్త్ర పదానికీ ఉర్దూలో ఏం అనాలో తేల్చేవాళ్ళు. దీన్ని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకోమనడం లేదు. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ళకి అదీ ఎవరిదో పైమేడ భాషే. 1921లో వివేకవర్ధిని హాల్లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి ఆపిన ఊరు కూడా ఇదే. మేడ మారుతుంది, కింద నిలబడి మెడ ఎత్తి చూసేవాళ్ళు మాత్రం చాలాసార్లు వాళ్ళే ఉంటారు.

మనం, అంటే ఇలాంటి పత్రికలు చదివే, రాసేవాళ్ళం, ఇందులో అమాయకులం కాదు. నీళ్ళు అంటే చాలని తెలిసీ సలిలం అంటాం. అది పాతబడిందనుకుంటే 'లిమినల్ స్పేస్' అంటాం. కథలో పాత్ర పొయ్యి ముందు కూర్చుంటే దాంట్లో 'ఎగ్జిస్టెన్షియల్' దిగులు వెతుకుతాం. ఆ అమ్మాయి చేత నేను ప్లెథొరా రాయించినట్టే మనకెవరో ఇవి రాయించారు. మన వాక్యాల కింద ఎర్రగీత గీసినవాళ్ళెవరో గుర్తు చేసుకోవడం మంచిది.

ఆ సెంటర్ మానేసి రెండేళ్ళయింది. పోయిన రంజాను ముందు ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. అమెరికా వెళ్ళలేదు. ఇక్కడే ఉద్యోగం చేస్తోంది. చెల్లెలు పరీక్షకి కూర్చుంటోందట, తనే చెప్తోందట. నోట్‌బుక్ పేజీ ఫోటో పంపింది. మూడు వరసలు గీసింది. మొదటిదాని పైన ఉర్దూలో 'దర్బార్' అని, రెండోదాని పైన 'ఖేత్' అని, మూడోదాని పైన 'ఘర్' అని రాసింది. దర్బారు కింద అమీలియొరేట్, లకానిక్, పర్ఫిడీ. పొలం కింద విన్నో, డర్త్, చర్లిష్. ఇంటి కింద శాల్, పైజామా, బ్యాండికూట్. ఆ వరసలో అన్నిటికంటే కింద పరయా అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

"ఇది ఎక్కడ రాయాలి మేడమ్?" అని అడిగింది.

ఇంటి వరసలోనే ఉంచమన్నాను, పక్కన డప్పు అని రాయమన్నాను. పరీక్షలో కనిపిస్తే అర్థం గుర్తుపట్టమను, తన వ్యాసంలో మాత్రం వాడొద్దని చెప్పు అన్నాను.